ఉయ్యెల ప్రక్క వ్రాతపుస్తకము

శిశువునకు నవ్వు ఏ మాసమున వచ్చును, చేయి చాచి వస్తువు నెప్పు డందుకొనును, మాట యెప్పుడు పలుకును అను ప్రశ్నలకు ప్రతి యింటి ముసలమ్మయు సమాధానము చెప్పగలదు; కాని ఆ సమాధానమును తేదీతో గూడ కాగితముపై నెక్కించి, ఇతరులు పరీక్షించుటకు వీలగు రీతిని ప్రకటింపవలెనను బుద్ధి విద్వాంసులకు మిక్కిలి యాలస్యముగా గలిగినది. మన యిండ్లలో జననకాలమును ఘడియ విఘడియలతో జాతకచక్రమున వ్రాయించు నాచారము చిరకాలముగా నున్నను, మరునాటినుండి ఆ బిడ్డ యేమి చేసినదో వ్రాసి యుంచినవా రరుదు. ఐరోపాలోను స్థితి యిట్టిదే. 1762లో ‘ఎమిలీ’ని రచించి బాల్యమునకు గౌరవము దెచ్చిన రూసో వర్ణించినది ఊహాశిశువును, తన కన్నబిడ్డల నాతడు అనాథశరణాలయమున విడిచిన సంగతి లోకవిదితము.

జర్మను తత్త్వవేత్త టీడెమాన్ 1781లో జన్మించిన తన కుమారుడు ఫ్రీడ్రిష్ చేష్టలను తొలిదినములనుండియు గుర్తించి 1787లో ప్రకటించెను. ఇట్టి రచనలలో నిది తొలి తరమునకు చెందినది. ఆ బాలుడు పెరిగి సుప్రసిద్ధ శరీరశాస్త్రజ్ఞుడై, ఆఫ్రికనుల మెదడునకును ఐరోపీయుల మెదడునకును బుద్ధివిషయమున భేదము లేదని 1836లో వాదించుట యిక్కడ అప్రస్తుతమే యైనను, చెప్పక విడువ మనసొప్పలేదు.

ఈ మార్గమున నెక్కువ ప్రసిద్ధికెక్కినది చార్లెస్ డార్విన్ రచన. అతని ప్రథమపుత్రుడు విలియం 1839 డిసెంబరు 27వ తేదీన జన్మించెను. ఆ బిడ్డ చేష్టలను గూర్చి తండ్రి వ్రాసికొనిన దినచర్య వ్రాతలు పెట్టెలో నుండిపోయినవి. 1877లో, తన బిడ్డ మాటలు నేర్చిన తీరును గూర్చి ఫ్రెంచి పండితుడు టేన్ వ్రాసిన వ్యాసము ‘మైండ్’ పత్రికలో ఆంగ్లమున వెలువడగా చదివి, డార్విన్ 37 ఏండ్లనాటి కాగితములను వెలికిదీసి అదే పత్రికకు వ్యాస మంపెను. ఏడవనాడు కాగితపు ముక్కతో అరికాలు తాకగా శిశువు కాలు వెనుకకు లాగికొని వ్రేళ్లు ముడుచుకొనెనని యందు గలదు. వింతవింత ధ్వనులు చేసి నవ్వించుట ఆ తండ్రికి అలవాటు. కాని యొకనాడు మునుపెన్నడు చేయని పెద్ద గుఱక శబ్దము చేయగా, నాలుగున్నర నెలల యా పసివాడు గంభీరుడై, మరుక్షణమే భోరున నేడ్చెను. రెండేండ్ల యేడున్నర నెలల వయసున, భోజనశాలలో పంచదార దొంగిలించి బయటకు వచ్చుచున్న కుమారుని కన్నులలోని యసాధారణమైన మెఱపును తండ్రి కనిపెట్టెను. కొలది దినములకు, ఊరగాయ రసము మఱక కనబడకుండ పైవస్త్రమును జాగ్రత్తగా చుట్టుకొని వచ్చిన వానిని మఱల పట్టుకొనెను. శాస్త్రజ్ఞుడును తండ్రియు నొక్క కలమున వ్రాసిన యిట్టి పంక్తులు శాస్త్రగ్రంథములలో మిక్కిలి దుర్లభములు. అయినను, కోపము, భయము, ప్రేమ మొదలగు భావముల మూలమును వెదకుచున్న వాడగుటచే ఆతడు వానికే పెద్దపీట వేసెను. తాను వెదకినదే తనకు కనబడుట యీ పద్ధతికి పుట్టుకతో వచ్చిన దోషము.

ఆ దోషమును నియమములతో బంధింప యత్నించినవాడు యేనా నగరమున శరీరధర్మశాస్త్రాచార్యుడైన ప్రయర్. తన కుమారుని మూడేండ్లు దినమునకు కనీసము మూడు మారులు పరిశీలించి, చూచినది చూచినట్లు తక్షణమే వ్రాసికొని, బిడ్డకు నేర్పి చూపించు విద్యలకు చోటీయక, 1882లో ‘శిశువు ఆత్మ’ యను అర్థము గల గ్రంథమును వెలువరించెను. అమెరికాలో స్టాన్లీ హాల్ ఇందుకు భిన్నముగా, బోస్టను పసిపిల్లలకు ఏయే వస్తువులు తెలియునో ప్రశ్నలడిగించి 1883లో ప్రకటించి, పిమ్మట ఉపాధ్యాయులకును తలిదండ్రులకును ప్రశ్నావళులు పంపెను. బిడ్డల సంఖ్య పెరిగినది, చూపు పలుచబడినది.

వీరందరికంటె నాకు క్లారా స్టెర్న్ పేరు పూజ్యముగా దోచును. భర్త విలియముతో గూడి, 1900, 1902, 1904 సంవత్సరములలో జన్మించిన మువ్వురు బిడ్డల మాటలను, ఆటలను, అబద్ధములను వేలకొలది పుటలలో నింపినది ప్రధానముగా ఆమెయే. దంపతులు 1907లో ప్రకటించిన శిశుభాషా గ్రంథమునకు ఆ దినచర్యలే ఆధారము. విద్వత్సభలలో వినబడినది మాత్రము మిక్కిలిగా విలియము పేరే.

పారిస్ బడిపిల్లలకు తర్కపరీక్షలు పెట్టుచు, సరియైన సమాధానములకంటె తప్పులలోనే యొక క్రమము గలదని గ్రహించిన జాన్ పియాజె, 1925, 1927, 1931లలో పుట్టిన తన బిడ్డలను భార్య వాలెంటీన్‌తో గూడి పరిశీలించి ఈ పద్ధతిని ప్రయోగముగా మార్చెను. బిడ్డ చూచుచుండగనే బొమ్మపై గుడ్డ కప్పినచో, ఎనిమిది నెలలకు లోపలి శిశువు దానిని వెదకుట మాని, అది లోకమున లేనట్లే ప్రవర్తించునని ఆతడు చూపెను. ఒక పండితుని యింటి మువ్వురు బిడ్డలను బట్టి మానవజాతి నంతటిని నిర్ణయింపరాదను నాక్షేపణ న్యాయమే. 1985లో అమెరికాలో బయార్జాన్ మొదలగువారు చేతికి బదులు చూపును కొలతగా గ్రహించి, ఐదు నెలల శిశువుకును మఱుగుపడిన వస్తువు జ్ఞాపకముండునని వాదించిరి. ఆ వాద మింకను తెగలేదు. ఇట్టి పలు పరీక్షలలో బిడ్డ తల్లి యొడిలోనే కూర్చుండును. ఆమె ముఖకవళికలు బిడ్డ చూపును మరల్చకుండ ఆమెను కన్నులు మూసికొనుమందురు. మాటల లెక్కకు మాత్రము పరిశోధకులకు తల్లి నాశ్రయింపక తప్పలేదు: బిడ్డ యెఱిగిన పదములను తలిదండ్రులే గుర్తించి తెలుపు పట్టికలు 1990ల నుండి అనేక భాషలలో ప్రచారమున నున్నవి.