ఒక గీతం, అనేక కంఠాలు

‘మా తెలుగు తల్లికి మల్లెపూదండ’ పుట్టేనాటికి తెలుగువారికి రాష్ట్రమే లేదు. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగి మూడు దశాబ్దాలు కావస్తున్నా, తెలుగుజాతిలో ఒక భాగం మద్రాసు ప్రభుత్వం కింద, మరొక భాగం నిజాము ఏలుబడిలో ఉండగా, ప్రత్యేక రాష్ట్రమన్నది తీర్మానాలలోనూ విజ్ఞాపనలలోనూ మాత్రమే వర్ధిల్లుతున్న రోజులవి. తిరుచానూరులో జన్మించి, పలు ఉద్యోగాలు చేసి, ఎక్కడా స్థిరపడని స్వతంత్రుడిగా పేరుపడిన శంకరంబాడి సుందరాచారి, 1942 నాటి ‘దీనబంధు’ చిత్రం కోసం ఈ గేయాన్ని రచించారు. చిత్రంలో దానికి చోటు దక్కలేదనీ, చిత్తూరు నాగయ్య నూటపదహారు రూపాయలిచ్చి దానిని రికార్డుకు ఎక్కించారనీ ఒక కథనం వాడుకలో ఉంది. ఆ కథనంలోని వివరాల నిగ్గు ఎటువంటిదైనా, పాటను ప్రజలకు చేరవేసింది వెండితెర కాదు, గ్రామఫోను రికార్డు.

ఆ రికార్డు మీద వినిపించిన కంఠం టంగుటూరి సూర్యకుమారిది. 1925లో రాజమహేంద్రవరంలో పుట్టి, బాల్యంలోనే చలనచిత్రాలలో ప్రవేశించిన ఆమె, టంగుటూరి ప్రకాశం పంతులుగారి సోదరుని కుమార్తె. పంతులుగారి పేరు ధరించిన జిల్లాలోని దర్శి వంటి ఊళ్ళలో ఆ బంధుత్వాన్ని ఇప్పటికీ కొంత స్వాతిశయంతోనే చెప్పుకొంటారు; అయితే ఆ కంఠానికి దక్కిన ఆదరం బంధుత్వం వలన వచ్చినది కాదు. రికార్డులో ఒక వైపున పట్టేది ఇంచుమించు మూడు నిమిషాల పాట. దీర్ఘమైన ఆలాపనకు తావులేని ఆ నిడివిలో, పద్యపఠనానికీ లలితసంగీతానికీ నడుమ ఆమె పట్టుకున్న తీరు, మాటను మింగకుండా రాగాన్ని నిలుపుకొన్నది. దేశభక్తి గేయమంటే గొంతు పెంచి పాడవలసినదేనన్న అభిప్రాయం బలంగా ఉన్న కాలంలో ఈ సంయమనం విశేషం.

పాశ్చాత్య జనప్రియ సంగీతంలో ఒకరి పాటను మరొకరు పాడడమంటే తరచు దానికి కొత్త రూపమివ్వడమే. ఈ గేయం విషయంలో అలా జరగలేదు. సూర్యకుమారి రికార్డే ప్రమాణమై, బడిపిల్లల బృందగానం నుంచి సభారంభ ప్రార్థన వరకు అందరూ ఆ నడకనే అనుసరించారు. బాణీ నిలకడగా ఉండగా మారుతూ వచ్చినవి సందర్భాలు. వాటితోపాటు ‘మా’ అన్న మాట పరిధి.

కవి స్మరించిన పేర్లను పటం మీద గుర్తిస్తే ఈ సంగతి తేటపడుతుంది. రుద్రమ్మ ఓరుగల్లు నాడు నిజాము రాజ్యంలోనిది. త్యాగయ్య నివసించిన తిరువయ్యారు కావేరీతీరాన ఉంది. కృష్ణరాయల, తిమ్మరుసుల రాజధాని నేటి కర్ణాటకలో ఉంది. అమరావతి శిల్పాలలో ముఖ్యమైనవి అప్పటికే మద్రాసుకూ లండనుకూ తరలిపోయాయి. అంటే సుందరాచారి కొలిచినది పాలనా సరిహద్దులను కాదు, ఒక స్మృతిమండలాన్ని. అందులో లోపాలు లేకపోలేదు: రాజులు, మంత్రులు, వాగ్గేయకారులు, కవులు కొలువుదీరిన ఆ వరుసలో నేలను దున్నినవారి పేర్లు లేవు. కృష్ణాగోదావరుల సమృద్ధిని కీర్తించే ఆ గేయం, నాడు నెల్లూరు జిల్లాలో వానను నమ్ముకొన్న మెట్టప్రాంతమైన దర్శి సీమలో వినేవారికి పరాయి సౌభాగ్యంగానే తోచి ఉండాలి. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు విడుదలైన తరువాతి కాలంలో గాని దర్శి బ్రాంచి కాలువ ద్వారా కృష్ణ ఆ పొలాలకు రాలేదు.

గేయం ప్రభుత్వ గౌరవం పొందిన సమయాన్ని కూడా గమనించాలి. 1953లో ప్రకాశం ముఖ్యమంత్రిగా ఆంధ్రరాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించినా, అధికారిక ప్రతిపత్తి అప్పట్లో దానికి లభించలేదు. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం, 1973లో రాష్ట్రపతి పాలన, అదే ఏడాది ఆరుసూత్రాల పథకం: ఇన్ని గాయాల పిమ్మట అధికారానికి వచ్చిన జలగం వెంగళరావు ప్రభుత్వం, 1975లో హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు నిర్వహించిన తరుణంలోనే ఈ పాట రాష్ట్రగీతమైంది. భాషాభిమానం అందుకు ఒక కారణమనడంలో సందేహం లేదు; చీలిన మనసులను ఒక పాటతో కూర్చవచ్చునన్న రాజకీయ ఆశ అంతకంటె బలమైన కారణమని నా అభిప్రాయం. ఆ ఆశను తప్పుపట్టనక్కరలేదు గాని, నీళ్ళూ ఉద్యోగాలూ మూలమైన వివాదాన్ని స్తోత్రం పరిష్కరించలేదు. సుందరాచారి 1977లో మరణించారు.

తరువాత సినిమా ఈ గేయాన్ని మళ్ళీ పట్టుకొన్నది. 1985లో బాపు ‘బుల్లెట్’ చిత్రంలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం దానిని పాడారు. 2010లో శేఖర్ కమ్ముల ‘లీడర్’లో మాత్రం సూర్యకుమారి పాత కంఠమే వినిపించింది. నవతరం నాయకుని కథకు దాదాపు ఏడు దశాబ్దాల నాటి స్వరం కావలసిరావడం, అంతటి మరో గొంతు దొరకకనా, ఆ గొంతుతోపాటు వచ్చే విశ్వసనీయత కోసమా? రెండవదే సమంజసంగా తోస్తుంది. లండనులో స్థిరపడి, భారతీయ కళల బోధనలో జీవితం గడిపిన సూర్యకుమారి 2005లోనే అక్కడ కన్నుమూశారు.

‘లీడర్’ వచ్చేసరికే తెలంగాణ సభలలో ఈ పాట స్థానాన్ని అందెశ్రీ రచించిన ‘జయజయహే తెలంగాణ’ ఆక్రమించింది. ఒక ప్రాంతపు అధికారచిహ్నంగా తోచిన తల్లిని ఉద్యమకారులు నిరాకరించడంలో చారిత్రక న్యాయం ఉంది. అందువల్ల సుందరాచారి కవితాశక్తికి వచ్చిన లోటు లేదు. 2014 విభజన తరువాత అమరావతి ఆంధ్రప్రదేశ్ రాజధానిగా ఎంపికైంది, రుద్రమ్మ ఓరుగల్లు తెలంగాణలో నిలిచింది. ఆంధ్రప్రదేశ్ గీతపాఠంలో అమరావతి, రుద్రమ్మ పేర్లు రెండూ యథాతథంగా ఉన్నాయి. తెలంగాణ తన గీతాన్ని అధికారికంగా స్వీకరించినప్పుడు, స్వరరచన చేసిన కీరవాణి ఆంధ్ర ప్రాంతీయుడన్న అభ్యంతరం వెలువడింది. ప్రభుత్వం అదే స్వరరచనతో 2024 జూన్ 2న దానిని ఆవిష్కరించింది.