మాట్లాడే గాయని: ఉపద్రష్ట సునీత గళంలో పాటకూ మాటకూ ఉన్న పొత్తు, పిట్లం వైపు నుంచి ఒక పరిశీలన

తెలుగు సినిమా నేపథ్యగానం మీద వచ్చిన రచనలు గాయనిని పాటల మనిషిగానే లెక్కించి, ఆమె అదే గొంతుతో కథానాయికలకు మాటలు చెప్పిన సంగతిని జీవిత విశేషాల చివర ఒక వాక్యంలో ముగించడం ఆనవాయితీగా మారింది. ఈ వైఖరికి అత్యంత పకడ్బందీ సిద్ధాంతరూపం అమాండా వైడ్‌మన్ 2021లో దక్షిణ భారత నేపథ్యగానంపై వెలువరించిన గ్రంథంలో కనిపిస్తుంది. నేపథ్యగాయని కదలకుండా మైకు ముందు నిలబడి, తెరమీది దేహంతో తనకు పొత్తు లేదన్నట్టు పాడి, ‘కేవలం గొంతు’గా మిగలడం ద్వారానే గౌరవం సంపాదించుకున్నదని ఆమె వాదం. తమిళ స్టూడియోల అనుభవం మీద నిలిచిన ఈ సూత్రాన్ని దక్షిణాది అంతటికీ చాపలా పరిచినందువల్ల తెలుగులో పాడుతూ మాట్లాడిన గొంతుల చరిత్ర దాని కింద పడి కనబడకుండా పోయింది.

గుంటూరులో పుట్టి, పెమ్మరాజు సూర్యారావు వద్ద కర్ణాటక సంగీతాన్నీ, కలగా కృష్ణమోహన్ వద్ద లలిత సంగీతాన్నీ అభ్యసించిన ఉపద్రష్ట సునీత 1995లో ‘గులాబి’ కోసం శశిప్రీతమ్ స్వరపరచిన ‘ఈ వేళలో నీవు’ పాటతో సినీరంగంలో నిలదొక్కుకున్నారు. పాడుతూనే నాయికలకు మాటలూ చెప్పిన ఆమెకు పోలిక జపాన్‌లో దొరుకుతుంది: ‘గులాబి’ వచ్చిన మరుసటి ఏడాదే అక్కడ సకమోటో మాయా ‘ఎస్కాఫ్లోన్’ అనే యానిమేషన్ ధారావాహికలో కథానాయికకు మాటలు చెబుతూ, కన్నో యోకో స్వరపరచిన దాని ప్రారంభగీతాన్నీ తానే పాడారు. అక్కడ ఇటువంటి కళాకారిణిని ‘సెయ్యూ’ అంటారు; పాత్రకు మాట ఇచ్చినవారే పాట కూడా పాడి, సొంత పేరుతో ఆల్బములు తెచ్చి, కచేరీలు చేయడం ఆ రంగంలో మామూలు విషయం. బొమ్మకు సొంత గొంతు ఉండదు గనుక ఆ గొంతు ఎవరిదన్న దాపరికం జపాన్‌లో అవసరం కాలేదు. ఇక్కడ తెరమీద ఉన్నది పేరున్న నటి కాబట్టి మాట ఇచ్చినవారి పేరు టైటిళ్లలో ఒక మూలకు చేరింది.

డబ్బింగ్ పనిని దగ్గరగా చూస్తే వైడ్‌మన్ సూత్రం ఎక్కడ బెడిసిందో తేలిపోతుంది. సన్నివేశాన్ని లూపులుగా, అంటే పదేపదే నడిపి చూసుకోగల చిన్న ముక్కలుగా విడదీసి, నటి పెదవులు మూసుకునే చోట ప, బ, మ వంటి ఓష్ఠ్యాలు పడేలా, ఆమె ఊపిరి తీసుకున్న చోటే తానూ తీసుకునేలా గాత్రదాత మాట చెప్పవలసి ఉంటుంది. తెలుగు రాని నటి మాటను తప్పుగా విరిచినప్పుడు ఆ విరుపును సరిదిద్దే వీలు ఉండదు, దానికి అర్థం కల్పించడం ఒక్కటే మార్గం. ఇంతగా పరాయి దేహపు ఊపిరికి లోబడిన గొంతును దేహంతో పొత్తు లేని గొంతు అనడం ఎలా కుదురుతుంది?

శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006) ఇందుకు ప్రధాన సాక్ష్యం. బెంగాలీ నటి కమలినీ ముఖర్జీ పోషించిన సీతామహాలక్ష్మికి మాటలు చెప్పినదీ, కె.ఎం. రాధాకృష్ణన్ బాణీలో ‘అందంగా లేనా’ పాడినదీ సునీతే. వేటూరి ఆ పాటను ప్రశ్నగా ఎత్తుకున్నారు. సునీత దాన్ని గాత్రప్రదర్శనగా సాగదీయకుండా, అప్పటిదాకా సంభాషణల్లో వినిపించిన ఉక్రోషాన్నీ చిన్నబుచ్చుకోవడాన్నీ అదే స్థాయిలో పట్టుకుని, పాదాంతాల్లో గొంతు తగ్గించి, మాట పక్కనే పాటను నిలిపారు. మాట ఎక్కడ ఆగి పాట ఎక్కడ మొదలైందన్న అతుకు వినేవారికి తెలియదు. అదే దర్శకుడి ‘ఆనంద్’ (2004)లో ఆ నటికే మాట సునీతదై, ‘వచ్చే వచ్చే’ పాట మాత్రం శ్రేయా ఘోషల్‌ది కావడంతో, పాట ఎంత మధురంగా ఉన్నా పాత్ర అక్కడ కాసేపు మరొకరవుతుంది.

‘శ్రీరామరాజ్యం’ (2011)లో ఈ విభజన పరాకాష్ఠకు చేరింది. బాపు సీతకు రూపం మలయాళీ నయనతారది, మాట సునీతది, ‘జగదానందకారకా’ వంటి పాటల్లో గొంతు శ్రేయా ఘోషల్‌ది. రాష్ట్ర ప్రభుత్వం ఆ ఏడాది ఉత్తమ నటి నందిని ఒకరికీ, ఉత్తమ డబ్బింగ్ నందిని మరొకరికీ ఇచ్చి, ఒకే సీతను ఇద్దరికి పంచింది. పురుషుల్లో ఇంతకన్నా చోద్యం 1997 నాటి ‘అన్నమయ్య’లో జరిగింది: నాగార్జునకు కీర్తనలు పాడిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యమే వేంకటేశ్వరుడిగా నటించిన సుమన్‌కు మాటలు చెప్పారు గనుక, భక్తుడి పాటా భగవంతుడి పలుకూ ఒకే కంఠం నుంచి వచ్చాయి. దీన్ని ‘కేవలం గొంతు’ అని సరిపెట్టుకోవడం సిద్ధాంతం మీది ప్రేమే తప్ప సినిమా చూసినవారి తీర్పు కాదు.

అయితే ఈ గొంతు ఏ ప్రాంతపు తెలుగును మోసిందన్న ప్రశ్న పిట్లం వంటి చోట నిలబడితేనే పుడుతుంది. తెలంగాణలోని బాన్సువాడ డివిజన్‌లో, సంగారెడ్డి నుంచి నాందేడ్‌కు పోయే 161వ జాతీయ రహదారి మీద, తెలుగు పక్కనే మరాఠీ, కన్నడ, ఉర్దూ చెవిన పడే ఈ ఊళ్లో ‘వచ్చిండు, పోయిండు’ అన్నదే ఇంటి మాట. సినిమా నాయిక ముంబయి నుంచి వచ్చినా కోల్‌కతా నుంచి వచ్చినా ఆమె నోట కృష్ణా, గుంటూరుల మాటే పలికింది. పిట్లం శ్రోతకు నాయిక మాట కూడా పాటలాగే బడిలోనో సినిమా హాల్లోనో నేర్చుకోవలసిన భాష అయింది. మాటా పాటా సమాన దూరంలో ఉన్నందువల్లనే ఇటువైపు వాటి పొత్తు అంత సహజంగా వినిపించిందని చెప్పాలి.

ఈ అమరికను అదే శేఖర్ కమ్ముల 2017లో ‘ఫిదా’తో కదిలించారు. కథ బాన్సువాడలో నడుస్తుంది. భానుమతి పాత్రకు నీలగిరుల బడగ కుటుంబానికి చెందిన సాయిపల్లవి తెలంగాణ యాసను పట్టి సొంత గొంతుతో మాట్లాడారు. ఇటువైపు చెవికి ఆ యాసలో కొన్ని విరుపులు సాధన చేసినవిగా తోచినా, నాయిక కోపం తమ ఇంటి మాటలో వినబడటంతో కోస్తా గాత్రదానం మీద నిలిచిన నాయిక గొంతుకు కాలం చెల్లినట్టే. మద్రాసులో పెరిగిన తమిళ గాయని చిన్మయి శ్రీపాద 2010లో ‘ఏ మాయ చేసావే’ మొదలుకొని సమంతకు మాటలు చెప్పడం ఈ నిర్ణయానికి కొంత అడ్డే గానీ, అది నగర నాయికల సంగతి. ‘ఫిదా’లోనూ మాట నటికి దక్కిందే తప్ప పాట దక్కలేదు: ‘వచ్చిండే’ పాటలో వినిపించేది ఉత్తర తెలంగాణ జానపద గాయని మధుప్రియ గొంతు. ‘గోదావరి’లో ఒక్కటైన మాటా పాటా బాన్సువాడకు చేరేసరికి మళ్లీ ఇద్దరివయ్యాయి, కాకపోతే ఈసారి ఆ రెండూ పిట్లానికి తెలిసిన యాసలోనే.