కింగ్ ఎక్కిన కొండ వేరు

కాలిఫోర్నియాలోని లోన్ పైన్ ఊరి నడివీధిలో నిలబడి పడమటికి చూస్తే, ఏది మౌంట్ విట్నీయో చప్పున తేలదు. ముందు నిలిచిన లోన్ పైన్ పీకే అన్నిటికన్నా ఎత్తుగా కనబడుతుంది. నిజానికి అది విట్నీకన్నా 450 మీటర్లకు పైగా పొట్టి. 4,421 మీటర్ల అసలు శిఖరం వెనక వరసలో, సూదిమొనల్లాంటి రాళ్ల పక్కన ఒదిగి ఉంటుంది. అలాస్కాను పక్కన పెడితే అమెరికాలో అంతకు మించిన ఎత్తు లేదు.

సియెర్రా నెవాడా అంతా తూర్పు అంచు పట్టి పైకెత్తిన గ్రానైటు పలక. పడమటివైపు నిదానంగా వాలుతుంది. తూర్పున మాత్రం భూమి చీలిన చోట నిట్టనిలువుగా తెగి, లోన్ పైన్ లోయకు మూడు కిలోమీటర్లకు పైగా దిగుతుంది. ఆ చీలిక ఇంకా సద్దుమణగలేదు. 1872 మార్చి 26 తెల్లవారుజామున కదిలి, ఊళ్లోని మట్టి ఇళ్లను కూల్చింది. 27 మంది చనిపోయారు.

ఈ నేల తీరు తెలిసిన భూగర్భ శాస్త్రవేత్తే క్లారెన్స్ కింగ్. 1864లో, 22 ఏళ్ల వయసులో, మౌంట్ టిండాల్ మీదినుంచి ఈ శిఖరాన్ని చూశాడు. దానికి కాలిఫోర్నియా భూగర్భ సర్వే అధిపతి జోసయా విట్నీ పేరు పెట్టారు. కింగ్ ఆ ఏడే ఎక్కబోయి, కాస్త దూరంలో ఆగిపోయాడు. 1871లో లోన్ పైన్ నుంచి మళ్లీ బయల్దేరాడు. మబ్బుల్లో దక్షిణాన ఉన్న వేరే కొండెక్కి, విట్నీని గెలిచానని మరుసటి ఏడు పుస్తకంలో రాసుకున్నాడు.

1873 జులైలో గుడ్‌ఇయర్ అనే ఇంజనీరు, ఒక తోడుతో కలిసి, అదే కొండ మీదికి కంచర గాడిద ఎక్కి వెళ్లాడు. అవును, గాడిద మీదే! కింగ్ వదిలిన అర డాలరు నాణెం అక్కడే దొరికింది. వాయవ్యాన ఇంకా ఎత్తైన శిఖరం కళ్లెదుటే ఉంది. సంగతి తెలిసి కింగ్ హడావిడిగా వచ్చి సెప్టెంబరు 19న అసలు విట్నీ ఎక్కాడు. కానీ ఆగస్టు 18నే ముగ్గురు స్థానికులు దాన్ని ఎక్కేశారు. చేపల వేటకని పడమటి లోయలో బస చేసిన బెగోల్, జాన్సన్, లూకాస్‌లకు ఆ వైపు నిదానపు వాలు కలిసొచ్చింది. ‘ఫిషర్‌మన్స్ పీక్’ అనాలని ఊరివాళ్లు పట్టుబట్టినా, పేరు విట్నీదే అయింది. అక్టోబరులో ప్రకృతి రచయిత జాన్ మ్యూర్ నిట్టనిలువు తూర్పు వైపునుంచే ఎక్కాడు. అయినా కథల్లో వినబడేది కింగ్ పేరే. గొప్పగా రాసినవాడికి ఆ సౌలభ్యం ఉంటుంది.

1904లో వేసిన బాట కొండకున్న రెండు ముఖాల సంగతీ, అంటే నిట్టనిలువు తూర్పు, నిదానపు పడమర సంగతీ గ్రహించింది. ఇప్పటి బాట తూర్పున విట్నీ పోర్టల్ అనే చోట మొదలై, మెలికలు తిరిగి, 4,100 మీటర్లు దాటాక వెన్ను మీదుగా పడమటికి మళ్లుతుంది. అక్కణ్నుంచి సూదిమొనల వెనకగా శిఖరం చేరుతుంది. రానూపోనూ 35 కిలోమీటర్లు. వేసవిలో ఒక్కరోజులో వెళ్లొచ్చేవారికి రోజుకు వంద పర్మిట్లే, అదీ లాటరీలో. పర్మిట్ దొరికినవాళ్లు తమ మలాన్ని సైతం సంచిలో కట్టి కిందికి మోసుకురావాలి.