నవ్యతార: ఒక పారిభాషిక పదము, దాని చరిత్ర

పరిభాషాపదములు కొన్ని తాము పుట్టిన కాలపు భ్రాంతిని తమలో దాచుకొని యుండును. ఖగోళశాస్త్రమందలి ‘నోవా’ అట్టి పదము. లాటిను భాషలో దీనికి ‘క్రొత్తది’ యని యర్థము. దానినే మనము ‘నవ్యతార’ యని తెలుగు చేసికొన్నాము. ఈ పేరునకును వస్తుతత్త్వమునకును గల వైరుధ్యము ఎట్లు బయలుపడినదో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

1572 నవంబరు 11వ తేదీ రాత్రి డెన్మార్కు దేశీయుడగు టైకో బ్రాహీ శర్మిష్ఠా మండలమున అంతకుముందు లేని తారనొకదానిని చూచెను. అది కొంతకాలము పట్టపగలు సైతము కానవచ్చి, 1574లో కంటికి మరుగయ్యెను. దానికి లంబనము లేమిచే అది చంద్రునికంటె దూరమున నున్నదని ఆయన నిర్ణయించెను. నక్షత్రలోకము మార్పులేనిదన్న అరిస్టాటిలు మతమునకు ఇది గొడ్డలిపెట్టయినది. 1573లో ఆయన ప్రకటించిన గ్రంథము వలననే ‘క్రొత్త నక్షత్రము’ అను పేరు స్థిరపడినది.

ఈ పేరు తగదని చూపిన సాక్ష్యము 1866 మే నెలలో లభించినది. ఐర్లండులో జాన్ బర్మింగ్‌హామ్ ఉత్తర కిరీట మండలమున రెండవ తరగతి ప్రకాశము గల తారను కనుగొనెను. ఆర్గెలాండరు పట్టికను చూడగా, అదే తార తొమ్మిదిన్నర తరగతి ప్రకాశముతో అందు ముందే నమోదై యున్నది. అనగా తార క్రొత్తది కాదు. దాని వెలుగు మాత్రమే సుమారు వేయి రెట్లు పెరిగినది. విలియం హగ్గిన్స్ దాని వర్ణపటమున ఉదజని యొక్క ప్రకాశరేఖలను గుర్తించెను. ఆ తారయే 1946లో మరల ప్రజ్వరిల్లినది.

ఈ ప్రజ్వలనమునకు హేతువేమి? 1949లో శాన్‌ఫర్డ్ ఆ తార జంట నక్షత్రమని నిరూపించెను. 1934లో హెర్క్యులిస్ మండలమున వెలిగిన నోవాయందు, 4 గంటల 39 నిమిషముల కొకమారు గ్రహణము కలుగుచున్నదని 1954లో మెర్ల్ వాకర్ కనుగొనెను. అదియు జంటయే. 1964లో రాబర్టు క్రాఫ్ట్ పది పాత నోవాలను పరిశీలించి, జంటగా నుండుట నోవాలకు సామాన్యలక్షణమని ప్రతిపాదించెను.

జంటలో నొకటి శ్వేతకుబ్జము. అనగా ఇంధనము వ్యయమై, కుంచించుకొని, మిక్కిలి సాంద్రమైన వృద్ధ నక్షత్రము. సహచర తారనుండి ఉదజని దానిపైకి ప్రవహించి పొరగా పేరుకొనును. అడుగున ఉష్ణోగ్రత కోటి డిగ్రీలు దాటినపిమ్మట పరమాణుకేంద్రక సంయోగము అదుపుతప్పి ఆ పొర ప్రేలును. నక్షత్రము మాత్రము నిలుచును. మరల ఉదజనిని కూర్చుకొనును. కావున ఇది నవజాత తార కాదు, ముదుసలి తార.

టైకో చూచినది ఇంతకంటె విచిత్రము. 1934లో బాడె, జ్విక్కీలు సామాన్య నోవాలనుండి ‘సూపర్ నోవా’లను వేరుచేసిరి. 2008లో టైకో తార యొక్క ప్రతిఫలిత కాంతిని పరిశీలింపగా, అది ‘వన్-ఎ’ జాతి సూపర్ నోవా యని తేలినది. ఈ జాతియందు శ్వేతకుబ్జమే సమూలముగా పేలిపోవును. అట్లయిన, ఏ తారను చూచి ‘క్రొత్తది’ యని పేరిడిరో అది నేటి యర్థమున నోవాయే కాదు. ఒక నక్షత్రము యొక్క అంత్యకాలము.

ఇందుండి అనువాదకులు గ్రహింపవలసిన దొకటి కలదు. లాటిను ఎరుగని పాఠకునికి ‘నోవా’ కేవలము సంకేతము. అందలి భ్రాంతి అతనిని బాధింపదు. ‘నవ్యతార’ యన్నచో తెలుగు పాఠకునికి అర్థము తక్షణమే స్ఫురించును. నాలుగు శతాబ్దుల నాటి పొరపాటు మరల జీవించును. శబ్దార్థమునకు విధేయమైన అనువాదము వస్త్వర్థమునకు ద్రోహము చేయుట ఇట్లే. కావున ‘నోవా’ శబ్దమునే తెలుగున గ్రహించుట మేలు. ‘నవ్యతార’ను వాడువారు దాని చరిత్రను కూడ బోధింపవలెను.