మే నెలలో 4.1 గిగాహెర్ట్జ్

మధ్యాహ్నం రెండు దాటింది. మార్కాపురంలో కంభం రోడ్డు మీద మనిషి కనబడడం లేదు. పలకల ఫ్యాక్టరీల వైపు నుంచి రాయి కోసే రంపం చప్పుడు ఒక్కటే ఆగకుండా వస్తోంది. మెట్లెక్కి పై గదిలోకి రండి. చెప్పులు ఎండలో విడవకండి, మళ్ళీ కాలు పెట్టలేరు. పొద్దున్నుంచి కాగిన స్లాబు కింద కూర్చోవాలి మనం. బయట 44 డిగ్రీలు. గోడకున్న థర్మామీటరు 40 చూపిస్తోంది.

బల్ల కింద క్యాబినెట్‌కు ఒక పక్క రేకు ఊడదీసి ఉంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో విడిభాగాలు ఒక్కొక్కటే కొనుక్కుని, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, మా పిన్ని కొడుకు తన చేతుల్తో బిగించుకున్న సిస్టం ఇది. లోపల ఆరు కోర్ల రైజెన్ 5 2600. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. గిద్దలూరు పెళ్ళివారు రేపు వస్తామన్నారు, కంభం వాళ్ళది ఇంకా మొదలే పెట్టలేదు. ముహూర్తాలన్నీ ఎండల్లోనే వచ్చి పడతాయి. రెండరింగ్ గంట తగ్గితే వాడికి గంట నిద్ర.

"అన్నా, ఇది చూడు. నూట పదిహేనంట! ఏందిది? కాలిపోద్దా?"

స్క్రీన్ మీద వేడి చూపించే ప్రోగ్రాము హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో తెరిచి ఉంది. వరుసగా అంకెలు. ప్రాసెసర్ 58. కిందకి వస్తే 'ఆక్స్‌టిన్' అనే పేరు, దాని ఎదురుగా ఎర్రగా 115.

"రెండర్ పెట్టు," అన్నాను.

పెట్టాడు. ఫ్యాను గొంతు పెంచింది. ప్రాసెసర్ అంకె 65, 72, 79 అని ఎక్కి చివరికి 85 దగ్గర నిలబడింది. ఆక్స్‌టిన్ మాత్రం అదే 115. ఆపేశాం. ప్రాసెసర్ దిగింది. అది దిగలేదు.

"పనికి ఎక్కదు, ఆపితే దిగదు. అది వేడి ఎట్టా అయిద్దిరా?"

మదర్‌బోర్డు మీద వేడినీ ఫ్యాన్ల వేగాన్నీ లెక్కగట్టే చిన్న చిప్ ఒకటి ఉంటుంది. న్యూవోటాన్ వంటి కంపెనీలు తయారుచేస్తాయి. దానికి సెన్సర్లు కలుపుకునే దారులు చాలా ఉంటాయి, బోర్డు చేసేవాళ్ళు అన్నిటికీ కలపరు. ఏమీ కలపని దారి కూడా ఏదో ఒక అంకె చెబుతూనే ఉంటుంది. ఒక బోర్డులో 115, మరోదాంట్లో 127, ఇంకోదాంట్లో సున్నాకు దిగువన. ఆ అంకె చూసి రాత్రుళ్ళు నిద్ర మానుకున్న కుర్రాళ్ళు లోకమంతా ఉన్నారు. అక్కడ కాలేది ఏమీ లేదు. వాడి ముఖంలో బిగువు సడలింది.

అలాగని మిగతా అంకెలన్నీ నిజమే అనుకోవద్దు. 2017లో రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ వచ్చినప్పుడు అవి అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చెప్పేవి. అన్ని మోడళ్ళలోనూ ఫ్యాన్లు ఒకే తీరుగా తిరగాలని, రైజెన్ తయారుచేసే ఏఎండీ చేసిన ఏర్పాటు అది. విషయం తెలియనివాళ్ళు కొత్త ప్రాసెసర్ చెడిపోయిందని బెంబేలెత్తారు. ఇదిగో ఈ మూల బిల్లుల ప్రింటింగ్‌కి వాడుతున్న పాత సిస్టం ఉంది చూశారా, అందులో ఇంటెల్ కోర్ 2 డ్యుయో ఈ8400. ఆ రకం ప్రాసెసర్లలో కొన్నిటి సెన్సర్లు చల్లబడేటప్పుడు ఒకచోట ఇరుక్కుపోయి ఇక కిందికి దిగేవి కావు. ఎందుకంటే ఆ సెన్సర్ నేరుగా డిగ్రీలు చెప్పదు. కంభం చెరువు అలుగు పారడానికి నీళ్ళు ఇంకెంత ఎత్తు లేవాలో చూసినట్టు, ప్రాసెసర్ హద్దు వేడికి ఇంకా ఎన్ని డిగ్రీల దూరం ఉందో చెబుతుంది. హద్దు దగ్గర దాని మాట గట్టిది, దూరంగా ఉన్నప్పుడు అంత నమ్మకం లేదు. ఆ హద్దు ఎంతో 2008లో ఇంటెల్ ప్రకటించేదాకా సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు అంచనా మీదే డిగ్రీలు కట్టారు. అందుకే అప్పట్లో ఒకే ప్రాసెసర్‌కు రెండు ప్రోగ్రాములు రెండు రకాలుగా చెప్పేవి.

"సరే అన్నా, కాలట్లేదుగా. 4.1కి పెంచుదాం. బెంగళూరులో మావాడు ఇదే ప్రాసెసర్‌ని 4.1లో నడుపుతున్నాడు."

ఇక్కడే కాసేపు ఆగాలి. హీట్‌సింక్, ఫ్యాను ఎంత ఖరీదైనవైనా ప్రాసెసర్‌ని గదిలో గాలికన్నా చల్లగా ఉంచలేవు. కాబట్టి చూడాల్సింది తెర మీద అంకె కాదు, గది మీద ఎన్ని డిగ్రీలు ఎక్కిందనేది. ఇందాక 85 చూశాం, గది 40. ఎక్కింది 45. ఇదే గదిలో సంక్రాంతి నాటికి 24 ఉంటే ఇదే పనికి 69 చూపించేది. సిస్టంలో ఏ మార్పూ లేదు, కాలం మారిందంతే.

కాగితం తీసుకుని రాయమన్నాను. ఇప్పుడు అన్ని కోర్లూ 3.7 గిగాహెర్ట్జ్, ఓల్టేజి 1.2. వాడికి కావలసింది 4.1, దానికి 1.35 ఓల్టేజి పెట్టాలంటున్నాడు. వేగం పెరిగేది 11 శాతం. ప్రాసెసర్ పుట్టించే వేడి మాత్రం వేగంతో పాటే పెరిగి ఊరుకోదు, ఓల్టేజి వర్గంతో పెరుగుతుంది. 1.35ని 1.2తో భాగించి, వర్గం చేసి, వేగం లెక్క కలిపితే దాదాపు 40 శాతం ఎక్కువ వేడి. 45 కాస్తా 63 అవుతుంది. బెంగళూరు గది 24 అనుకుంటే 87, గట్టెక్కుతుంది. ఈ గదిలో 103. ఈ ప్రాసెసర్ హద్దు 95.

"ఒక్కసారి చూద్దాం అన్నా," అన్నాడు. వద్దనలేదు. వయసులో ఉన్నవాడు లెక్కని కళ్ళతో చూస్తేనే నమ్ముతాడు.

బయోస్‌లో మార్చాడు. విండోస్ మామూలుగానే లేచింది. రెండర్ మొదలైంది. 80. 88. ఫ్యాను అరుస్తోంది. 93. మోచేతి మీదుగా చెమట కీబోర్డు మీద పడుతోంది. 95. వేగం ఒక్కసారిగా దబ్బున పడిపోయింది, కాస్త చల్లబడి మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. రెండర్ గీత ఇందాకటికన్నా నెమ్మదిగా పాకుతోంది.

ప్రాసెసర్ తనను తాను కాపాడుకుంటోంది. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైట్ వాళ్ళు నడుస్తున్న ప్రాసెసర్ల మీద నుంచి హీట్‌సింక్ ఊడబెరికి వీడియో తీశారు. ఇంటెల్ పెంటియమ్ 4 నెమ్మదించి బతికింది, ఆనాటి ఏఎండీ అథ్లాన్ పొగలు కక్కి చచ్చింది. ఈ రక్షణ ఆ తర్వాత అందరూ పెట్టుకున్నారు. కాబట్టి ఇవాళ ప్రాసెసర్ కాలిపోవడం గురించి అంత భయం అక్కర్లేదు. అసలు భయం వేరే ఉంది. ఓల్టేజి చాలకో వేడి ఎక్కువయ్యో లెక్క ఒకచోట తప్పిందనుకోండి, సిస్టం ఆగదు, వీడియోలో ఒక ఫ్రేము చెడుతుంది. అది సరిగ్గా తలంబ్రాల దగ్గర చెడినా డెలివరీకి ముందు ఎవరి కంటా పడకపోవచ్చు.

పాత సెట్టింగులకు తెచ్చాం. ఇప్పుడు రెండో పని, ఓల్టేజి తగ్గించడం. కంపెనీ ప్రతి ప్రాసెసర్‌కూ కాస్త ఎక్కువే ఇచ్చి పంపుతుంది, ఎక్కడా తేడా రాకుండా. అదే 3.7లో 1.2 నుంచి 1.125కి దించాం. లెక్క ప్రకారం వేడి 12 శాతం తగ్గాలి. ప్రాసెసర్‌ని పరీక్షించే ప్రైమ్95 ప్రోగ్రాము గంటసేపు నడిపితే 80 దాటలేదు, లెక్కలో ఒక్క తప్పూ రాలేదు. రెండర్ సమయంలో తేడా ఏమీ లేదు. ఆ గంటలో కరెంటు రెండుసార్లు డిమ్మయి యూపీఎస్ టిక్కుమంది. తక్కువ తాగే ప్రాసెసర్ ఉంటే ఆ యూపీఎస్ కూడా ఇంకొంచెం సేపు నిలబడుతుంది.

"ఇంకా ఎనభై ఉందేంది అన్నా?"

టార్చి వేసి హీట్‌సింక్ రెక్కల మధ్య చూడండి. బూడిద రంగు పొర దట్టంగా పట్టింది. మామూలు ఇంటి దుమ్ము మెత్తగా, నూలులా ఉంటుంది. ఇది పిండిలా ఉంది, వేళ్ళ మధ్య గరుగ్గా తగులుతోంది. రాయి కోతల నుంచి గాలిలో కలిసి కిటికీల గుండా వచ్చిన పలక పొడి. గాలి ఆడాల్సిన సందులన్నీ అదే మూసేసింది. హీట్‌సింక్ ఊడదీసి, పాత పేస్ట్ తుడిచి, బ్లోయర్ పట్టుకుని వాడు డాబా మీదకి బయలుదేరాడు. నేను చెయ్యి పట్టి ఆపాను.

పలక రాయిలో సిలికా ఉంటుంది. దాని సన్నపొడి ఊపిరితిత్తుల్లో చేరితే మచ్చలు కడతాయి, మళ్ళీ బాగుకావు. ఆ జబ్బు పేరు సిలికోసిస్. కోతల దగ్గర రోజంతా నిలబడే కూలీలకు ఈ పొడి ముప్పు మనకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, వాళ్ళకు నీళ్ళు చల్లుతూ కోసే యంత్రాలు, సరైన మాస్కులు యజమానులు ఇచ్చి తీరాలి. మార్కాపురంలో, గిద్దలూరులో, కంభంలో సిస్టం విప్పేవాళ్ళంతా దయచేసి వినండి. ఓల్టేజి పెంచే ఆలోచన వానలు పడేదాకా వాయిదా వేయండి, ముందు దుమ్ము దులపండి. ఆ దుమ్మును గదిలో ఊదొద్దు, పిల్లలు ఆడుకునే చోట అసలు ఊదొద్దు. గాలికి వీపు పెట్టి నిలబడండి. ముక్కుకు చేతిరుమాలు చాలదు, ఎన్95 మాస్కు కట్టుకోండి.