హైదరాబాద్ బ్యాకులు, కలకత్తా క్లబ్బులు

మా గోషామహల్ పోలీసు స్టేడియం స్థలాన్ని ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనాలకు ఇచ్చేశారు. 2025 జనవరి ఆఖరున శంకుస్థాపన కూడా అయిపోయింది. ఆసుపత్రి కావాల్సిందే, పాత ఉస్మానియా గోడల పరిస్థితి చూసినవాళ్లెవరూ కాదనరు. బస్తీలో మాత్రం మాటలన్నీ ట్రాఫిక్ గురించే నడిచాయి. ఈ ఊళ్లో పోలీసు అంటే ఒకప్పుడు ఫుట్‌బాల్ అన్న సంగతి ఎత్తినవాళ్లు నాకైతే ఎదురుపడలేదు.

హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో ఢిల్లీలో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పూ తెచ్చింది. జట్టును తీర్చిదిద్దింది బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చాక ఈ తరం పిల్లలకూ రహీమ్ సాబ్ పేరు తెలిసింది. సంతోషమే. కానీ సినిమా అయినా, ముచ్చట్లయినా గోలు కొట్టినవాళ్ల చుట్టూనే తిరుగుతాయి. బలరాం గురించి, హబీబ్ గురించి గంటలకొద్దీ చెప్తారు. వెనక నిలబడి బంతిని ఆపినవాళ్ల దగ్గరికొచ్చేసరికి మాట తగ్గిపోతుంది. నా లెక్కలో ఈ ఊరి అసలు సొత్తు ఆ బ్యాకులే.

మొదట చెప్పుకోవాల్సింది అజీజుద్దీన్ గురించి. పోలీసు జట్టు బ్యాక్. 1952లో హెల్సింకీ, 1956లో మెల్‌బోర్న్, రెండు ఒలింపిక్స్‌కూ వెళ్లారు. హెల్సింకీలో మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో అదే భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్‌కు పోయింది. ఆ నడిమి కాలంలో ఆట మారడానికి కారణం బూట్లొక్కటే కాదు. ఎవరు ఎక్కడ నిలబడాలి, బంతిని ఎప్పుడు వదలాలి అన్నది రహీమ్ సాబ్ కొత్తగా నేర్పారు.

ఆయన పెట్టిన పోటీలు విచిత్రంగా ఉండేవి. ఒక టోర్నమెంటులో డ్రిబ్లింగు నిషేధం. బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి, కాళ్ల దగ్గర పెట్టుకుని ఆడుకోకూడదు. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. బ్యాక్‌కు ఇది ఎంత పనికొస్తుందో మైదానం గట్టున కూర్చుని చూసేవాళ్లకు తెలుస్తుంది. ఎడమ వైపు నుంచి వింగర్ దూసుకొస్తుంటాడు, బంతి ఎడమ కాలి ముందు పడుతుంది. దాన్ని కుడికాలికి మార్చుకోవడానికి పట్టే ఆ అర క్షణంలోనే గోలు అయిపోతుంది. ఎడమకాలితోనే తన్ని పారేయగలిగిన బ్యాక్‌కు ఆ అర క్షణం మిగులుతుంది. జిల్లా లీగుల్లో మన కుర్రాళ్లు ఈ రోజుకీ బంతి మార్చుకుంటూనే గోల్స్ ఇచ్చుకుంటున్నారు, అది వేరే సంగతి.

ఆ ఒరవడిలో ఎదిగిన చివరి తరంవాడు సయ్యద్ నయీముద్దీన్. 1944లో ఇక్కడే పుట్టారు, పోలీసు జట్టులోనే ఆట మొదలుపెట్టారు. 1963 జూన్‌లో రహీమ్ సాబ్ క్యాన్సర్‌తో పోయారు. మూడేళ్లు తిరిగేసరికి, 1966లో, నయీముద్దీన్ కలకత్తా ఈస్ట్ బెంగాల్‌లో ఉన్నారు. అదే ఏడు హబీబూ అక్కడికే పోయాడు. బలరాం అంతకు ముందే పోయాడు.

ఎందుకు పోయారంటే పైసల కోసమని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది సగం నిజం. పేరుకు అమెచ్యూర్ ఆటే అయినా కలకత్తా క్లబ్బులు ఆటగాడికి డబ్బు ముట్టజెప్పేవి. ఇక్కడ ఉన్నది కానిస్టేబుల్ నౌకరీ. మిగతా సగం మనం చెప్పుకోం. కలకత్తాలో క్లబ్బుకు సభ్యులుంటారు. అధ్యక్షుడు మారినా, కోచ్ మారినా వాళ్లు ఉంటారు, ఓడితే నిలదీస్తారు. మన జట్టుకు ఉన్నది ఒక శాఖ. పైన శివకుమార్ లాల్ లాంటి ఆటంటే ప్రాణమిచ్చే అధికారి ఉన్నన్నాళ్లు కప్పులొచ్చాయి. ఆ కాలపు పెద్దలు పోయాక జట్టును పట్టించుకోమని అడిగే హక్కు ఊరికి లేకుండా పోయింది. జనం చప్పట్లు కొట్టారు గాని, జట్టు జనానిది కాదు.

నయీముద్దీన్ అక్కడ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడారు. కలకత్తాలో మూడు జెండాల కిందా ఆడి నెగ్గుకురావడం మాటలు కాదు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలకు ఆయనే కెప్టెన్. సెమీస్‌లో బర్మా చేతిలో ఓడాక మూడో స్థానం ఆటలో జపాన్ ఎదురైంది. రెండేళ్ల కిందట మెక్సికో ఒలింపిక్స్‌లో కంచు పతకం పట్టుకెళ్లిన దేశమది. మనవాళ్లు 1-0తో గెలిచారు. ఒక్క గోలే కొట్టి, ఆఖరిదాకా ఒక్కటీ ఇవ్వకుండా గెలిచిన ఆటను నేను బ్యాకుల ఖాతాలోనే వేస్తాను. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఆ తర్వాత పతకం లేదు. అదే ఏడు ఆయనకు అర్జున వచ్చింది.

ఆట మానేసి కోచ్ అయ్యాకా కలకత్తాయే ఆయన్ను పట్టుకుంది. 1990లో ద్రోణాచార్య ఇచ్చారు. 1997లో ఖాట్మండూలో, 2005లో కరాచీలో దక్షిణాసియా కప్పు గెలిచిన భారత జట్లకు ఆయనే కోచ్. క్రమశిక్షణ విషయంలో ఆయన మొండితనం గురించి కథలు కలకత్తాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్లు చెప్తుంటే విని మనం తెలుసుకోవడం నాకు చిన్నతనంగా ఉంటుంది.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చినప్పుడు ఈసారైనా ఊరికి సొంత జట్టు దొరికిందనుకున్నాం. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ గెలిచింది కూడా. ఆ సీజన్‌లో వెనక వరుసను నిలబెట్టినవాళ్లు సిక్కిం కుర్రాడు ఆశిష్ రాయ్, మణిపూర్ చింగ్లెన్‌సనా, స్పెయిన్ హువానాన్, ఉత్తరప్రదేశ్ ఆకాశ్ మిశ్రా. నలుగురిలో ఒక్కరూ మన ఊరివారు కాదు. కప్పు గెలిచిన ఏడే ఆశిష్ రాయ్ మోహన్ బగాన్ గూటికి చేరాడు, మరుసటి ఏడు ఆకాశ్ మిశ్రా ముంబైకి పోయాడు. 2025లో క్లబ్బే మూటాముల్లె సర్దుకుని ఢిల్లీకి పోయింది.