బడుల యెన్నికలును పత్రికల సిఫారసులును

ఒక రాజకీయపక్షమునకు దాని పత్రికను బట్టి పేరు వచ్చుట మన చెన్నరాజధానిలో జరిగిన వింత. ఆ పక్షపు అసలు పేరు దక్షిణభారత ఉదారసంఘము. 1917 ఫిబ్రవరిలో దాని పెద్దలు ‘జస్టిసు’ అను ఇంగ్లీషు దినపత్రికను వెలువరింపగా, జనులు పక్షమునే జస్టిసు పార్టీ యనిరి. తెలుగున ‘ఆంధ్రప్రకాశిక’ వారి పక్షమున వ్రాయుచుండెను. ఎదుటి పక్షమున ‘ఆంధ్రపత్రిక’ నిలిచెను. దాని యధిపతి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు పెక్కేండ్లు అధ్యక్షులు. అభ్యర్థిని నిలుపువారును, అతడు యోగ్యుడని లోకమునకు చాటువారును ఒక్కరే యైరి.

ఇందుకును వేముల వంటి పల్లెకును సంబంధమేమని శ్రోతలు అడుగవచ్చును. సంబంధము బడి మూలమున వచ్చినది. 1884 నాటి చట్టముచే జిల్లాబోర్డులును తాలూకాబోర్డులును ఏర్పడెను. బాటలు, వైద్యశాలలు, బడులు వాని పాలనలో నుండెను. 1920లో స్థానిక బోర్డుల చట్టము, ప్రాథమిక విద్యాచట్టము అని రెండు వచ్చినవి. రెండవదాని వలన జిల్లా విద్యామండలి పుట్టినది. ప్రైవేటు బడికి గుర్తింపును గ్రాంటును దాని చేతిలోని పనులు. బోర్డుబడి పంతులు ఉద్యోగమును బదిలీయును బోర్డు దయ. అధ్యక్షునకు కోపము వచ్చిన, పులివెందుల ప్రాంతపు పంతులు పెన్న దాటి పోవలసినదే. పేరునకు బోర్డు ఎన్నిక యైనను, మన పల్లెలకది బడి యెన్నికయే. 1935-36లలో కాంగ్రెసువారు స్థానిక సంస్థల పోటీకి దిగినపుడు ఈ పందెము మఱింత ముదిరెను.

బోర్డు కంట్రాక్టులలో భాగము గలవాడు సభ్యుడు కారాదని చట్టమున నుండెను. ఆ సభ్యుని పొగడు పత్రికకు ఆ కంట్రాక్టులో భాగమున్నచో? దానికి చట్టము మూగ. 1867 నాటి ముద్రణచట్టము పత్రికపై ముద్రాపకుని పేరు, ప్రకాశకుని పేరు కోరినది గాని, సొమ్ము పెట్టిన యజమానుని పేరు కోరలేదు. 1956 నిబంధనల వలననే, నూటికొక పాలు మించి వాటాగల వారి పేర్లతో సహా యేటేట యాజమాన్య వివరములను పత్రికలోనే ప్రకటింపవలసి వచ్చెను. మార్చి మొదట చిన్న యక్షరములలో వచ్చు ఆ ప్రకటనను చదివినవారిని నేను ఇద్దరు ముగ్గురిని మాత్రమే యెఱుగుదును.

స్వార్థము కలిగియుండుట యొక్కటే దోషమని నే ననను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున ఉపాధ్యాయులుగా నుండి, 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించిరి, ఆ యేడే బాలికల పాఠశాలను పెట్టిరి. తమ పత్రికలో స్త్రీవిద్యను సమర్థించినపుడు తమ బడినే సమర్థించుచున్నారని యెల్లరకు తెలియును. కొక్కొండ వెంకటరత్నము పంతులుగారు ‘ఆంధ్రభాషాసంజీవని’లో ఎదురు వ్రాసిరి. ఇరువురును పండితులు, ఇరువురును పంతుళ్లు. ఎవరు ఎవరి పక్షమో చదువరికి దాపఱికము లేదు.

స్వతంత్రము వచ్చిన తరువాతను ఆ ముడి విడలేదు. 1983 ఎన్నికలలో ‘ఈనాడు’ తెలుగుదేశమునకు ఇచ్చిన ఊతము ప్రసిద్ధము. 2008లో ‘సాక్షి’ని స్థాపించినది మన పులివెందుల రాజకీయ కుటుంబమునకు చెందిన వై. యస్. జగన్మోహనరెడ్డిగారు, అప్పుడు వారి తండ్రిగారే ముఖ్యమంత్రి. ఈ సంబంధములు దాగినవి కావు. దాగినది వేఱొకటి: 2009 ఎన్నికలలో సొమ్ము పుచ్చుకొని ప్రకటనను వార్తగా వేయుట. ప్రెస్ కౌన్సిలు నియమించిన ఉపసంఘమున పరంజయ్ గుహా ఠాకుర్తాగారితో పాటు తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాసరెడ్డిగారును కూర్చుండి, 2010లో దాని నివేదిక నిచ్చిరి.

పెద్దవారి మాట యటుంచుడు. 1998 చట్టముచే బడులకు తల్లిదండ్రులెన్నుకొను విద్యాకమిటీలు వచ్చినపుడు, నేను పని చేసిన యొక పల్లెబడిలో అధ్యక్షపదవికి పోటీ పడినవానిని గూర్చి పత్రికలో ప్రశంస వచ్చెను. సభలో ఒక తల్లి లేచి, “ఈ వార్త రాసిన ఆయప్పే గదా సార్, మన బడికి బెంచీలు చేసిచ్చింది?” అని యడిగినది. ఎవరును నోరు మెదపలేదు. అభ్యర్థి గెలిచెను గాని, తొలి సమావేశముననే బెంచీల ఖరీదు చీటీలను అందఱి యెదుట చదువవలసి వచ్చెను.